ఆంపియరుకు ఎంత గ్యాసు? ఇంట్లో చేసిన హైడ్రోజన్ సెల్ లెక్క

లీటరు పెట్రోలు ధర 100 రూపాయలు దాటినప్పటి నుంచి మా మహబూబ్‌నగర్ మెకానిక్ షెడ్లలో నీళ్లతో నడిచే బండి మాట మళ్లీ వినిపిస్తున్నది. వీడియోల్లో చూపించే కిట్‌లో పెద్ద సామాను ఏమీ ఉండదు. కొన్ని స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు, వాటి మధ్య రబ్బరు రింగులు, కాస్టిక్ కలిపిన నీళ్లు, బ్యాటరీ నుంచి వచ్చే రెండు వైర్లు, పుట్టిన గ్యాసును ఇంజను గాలి పీల్చుకునే గొట్టంలోకి పంపే ఒక సన్నని పైపు ఉంటే సరిపోతుంది. దీనితో పెట్రోలు పూర్తిగా కాలి మైలేజీ 30 శాతం పెరుగుతుందని చెప్తారు. నేను భౌతికశాస్త్రం చెప్పేవాడిని కాబట్టి, ఇలాంటి సెల్ ఒకటి సొంతంగా తయారు చేసుకున్న మెకానిక్ మిత్రుడు నన్ను షెడ్డుకు పిలిచి రెండు ప్రశ్నలు అడిగాడు. "సార్, దీనికి కరెంటు ఎట్ల ఇస్తే మంచిగ గ్యాసు వస్తది? వచ్చిన గ్యాసు ఎంతనో ఎట్ల తెలుస్తది?"

ఆయనకు ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలుగా తోచాయి కానీ, వాస్తవానికి ఇవి ఒకే ప్రశ్నకు రెండు కొసలు. సెల్ గుండా ఎంత విద్యుదావేశం ప్రవహించిందో తెలిస్తే ఎంత గ్యాసు పుట్టాలో తెలిసిపోతుంది; ఎంత గ్యాసు పుట్టిందో కొలిస్తే ఎంత ఆవేశం ప్రవహించిందో చెప్పవచ్చు. నీటిని విద్యుత్తుతో విడగొట్టవచ్చునని నికల్సన్, కార్లైల్ 1800లోనే చూపించారు. 1833, 1834 సంవత్సరాల్లో ఫారడే ఆ ఆవేశానికీ గ్యాసుకూ ఉన్న నిష్పత్తిని నియమంగా స్థాపించడమే కాకుండా, గీతలు గీసిన గాజు గొట్టంలో ఈ గ్యాసును పట్టి, దాని పరిమాణాన్ని బట్టి విద్యుత్తును కొలిచే వోల్టామీటరు అనే పరికరాన్నే తయారు చేశాడు. అంటే ఇవాళ మన షెడ్లలో ఇంధనం కోసం చేస్తున్న డబ్బా, ఆయన బల్ల మీద విద్యుత్తును కొలిచే మీటరుగా ఉండేది. ఈ సంగతి గుర్తుంటే వీడియోల్లోని సగం ప్రకటనలను అక్కడికక్కడే పక్కన పెట్టవచ్చు.

లెక్క ఇది. ఒక మోల్ (అణువులను, ఎలక్ట్రాన్లను లెక్కపెట్టే కొలమానం) ఎలక్ట్రాన్ల ఆవేశం సుమారు 96,485 కూలుంబులు; ఒక ఆంపియరు ఒక సెకనులో మోసే ఆవేశమే ఒక కూలుంబు. ఒక హైడ్రోజన్ అణువు పుట్టడానికి రెండు ఎలక్ట్రాన్లు, ఒక ఆక్సిజన్ అణువు పుట్టడానికి నాలుగు కావాలి. దీని ప్రకారం ఒక సెల్ గుండా ఒక ఆంపియరు ఒక నిమిషం పాటు ప్రవహిస్తే, హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ కలిపి, సున్నా డిగ్రీల వద్ద సముద్రమట్టపు పీడనంలో 10.45 మిల్లీలీటర్లు, 25 డిగ్రీల వద్ద 11.4 మిల్లీలీటర్లు వస్తాయి. ఇందులో మూడింట రెండు వంతులు హైడ్రోజన్. పలకల మీద గీతలు పెట్టినా, నీళ్లలో ఏ పొడి కలిపినా, కరెంటును ఎన్ని వేల సార్లు ఆపి ఆపి ఇచ్చినా ఈ అంకె పెరగదు. చేతనైనంత మంచి సెల్ ఈ అంకెకు దగ్గరగా వస్తుంది; చేతకాని సెల్ దీనికి దూరంగా ఉంటుంది.

ఇక కరెంటు ఇచ్చే పద్ధతికి వస్తే, ఇక్కడ తెలివి చూపించవలసింది ఓల్టుల దగ్గర. 25 డిగ్రీల వద్ద నీరు విడిపోవడానికి సిద్ధాంత రీత్యా 1.23 ఓల్టులు చాలు. బయటి నుంచి వేడి తీసుకోకుండా, తనలో వేడి పోగు చేసుకోకుండా సెల్ నడవాలంటే 1.48 ఓల్టులు కావాలి. షెడ్డులో చేసిన సెల్‌లో చాలినంత కరెంటు పారాలంటే రెండు ఓల్టులు, ఆ పైన కొంచెం అవసరమవుతాయి. రెండే పలకలు పెట్టి వాటికి నేరుగా 12 ఓల్టులు తగిలిస్తే, అందులో సుమారు 10 ఓల్టులు నీళ్లు కాచడానికే పోతాయి. అదే ఏడు పలకలను వరుసగా పేర్చి, మొదటి దానికి ప్లస్, చివరి దానికి మైనస్ ఇచ్చి, నడుమ ఉన్న ఐదింటికి ఏ వైరూ కలపకుండా వదిలేస్తే, ప్రతి రెండు పలకల నడుమ ఒకటి చొప్పున ఆరు చిన్న సెల్లు సిరీస్‌లో ఏర్పడి, ఇంజను నడుస్తున్నప్పుడు ఉండే 13.8 ఓల్టులను తలా 2.3 చొప్పున పంచుకుంటాయి, అదే ఆంపియరు ఆరు చోట్ల గ్యాసు పుట్టిస్తుంది. 24 ఓల్టుల లారీకైతే పన్నెండు సెల్లు పెట్టాలి. మిత్రుడికి నేను ఇచ్చిన మొదటి సలహా ఇదే: ఓల్టులు పెంచవద్దు, సెల్లను పెంచి ఓల్టులను పంచండి.

ఈ పలకలన్నింటినీ ఒకే తొట్టిలో ముంచితే ఇంకో చిక్కు వస్తుంది. కరెంటు నడుమ పలకల గుండా పోకుండా, వాటి అంచుల పక్క నుంచి నీళ్లలో అడ్డదారి పట్టి ప్లస్ నుంచి మైనస్‌కు చేరుకుంటుంది, ఆ మేరకు ఆరు చోట్ల చేయవలసిన పనిని ఒక్క చోటే చేస్తుంది. అందుకే రబ్బరు రింగులతో బిగించి, ప్రతి రెండు పలకల మధ్య నీటిని విడిగా ఉంచే పద్ధతి మేలు. నీళ్లు రావడానికీ గ్యాసు పోవడానికీ చిన్న రంధ్రాలు తప్పవు కాబట్టి అడ్డదారి పూర్తిగా మూతపడదు కానీ, ఇరుకైపోతుంది.

నీళ్ల విషయంలో మన ప్రాంతం వారు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి దేశమంతటికీ తెలుసు. ఇక్కడ పాలమూరులో కూడా బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు మైనస్ పలక మీద గట్టి పెచ్చుగా పేరుకుంటాయి. క్లోరైడు ప్లస్ పలక దగ్గర క్లోరిన్‌ను పుట్టించడమే కాకుండా స్టీలును గుంటలు గుంటలుగా తినేస్తుంది. ఉప్పు వేస్తే కరెంటు బాగా పారుతుందని చెప్పేవారి మాట వినకూడనిది కూడా ఇందుకే. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో పొటాషియం హైడ్రాక్సైడ్ కలపడం సరైన పద్ధతి. పరిశ్రమల్లో 25 నుంచి 30 శాతం ద్రావణం వాడుతారు. చిన్న సెల్‌కు అంతకన్నా పలుచనిది చాలు. చల్లటి నీళ్లలో పొడిని కొద్దికొద్దిగా వేయాలి తప్ప పొడి మీద నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా దీని జోలికి పోకూడదు. కంట్లో పడితే చూపు పోవచ్చు.

సెల్ నడిచే కొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కిన ద్రావణంలో కరెంటు ఇంకా సులువుగా పారుతుంది, ఎక్కువ కరెంటుతో ఇంకా వేడెక్కుతుంది. ఉదయం 10 ఆంపియర్లతో మొదలైన సెల్ మా ఎండల్లో, అదీ బానెట్ కింద, మధ్యాహ్నానికి 20 ఆంపియర్లు లాగితే ఆశ్చర్యపడనవసరం లేదు. కరెంటును వేగంగా ఆపి ఆపి ఇచ్చే పీడబ్ల్యూఎం కంట్రోలరు నిజంగా ఉపయోగపడేది ఇక్కడే, కరెంటును ఒక హద్దులో ఉంచడానికి. దానితో పాటు బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు, ఇంజను ఆగితే సెల్ కూడా ఆగిపోయేటట్టు ఇంధన పంపు వైరు నుంచి పనిచేసే రిలే తప్పనిసరి. ఇగ్నిషన్ తాళానికి మాత్రమే కలిపితే, ఇంజను నిలిచిపోయి తాళం అలాగే ఉన్నప్పుడు గ్యాసు పోయి గాలి గొట్టంలో నిండుతుంది.

కొలిచే పద్ధతి చాలా సులువు. ఒక వెడల్పాటి తొట్టిలో నీళ్లు పోసి, లీటరు గుర్తు పెట్టుకున్న ప్లాస్టిక్ సీసాను నీళ్లతో నింపి, తలకిందులుగా ముంచి పట్టుకోవాలి. సెల్ నుంచి వచ్చే పైపును ముందుగా బబ్లర్ (గ్యాసు నీళ్లలోంచి బుడగలుగా పోయే డబ్బా) గుండా పంపి, తరువాత సీసా మూతి కిందికి చేర్చాలి. నీళ్లు గుర్తు దాకా దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసుకోవాలి. సెల్‌లో ముందు నుంచి ఉన్న గాలి వెళ్లిపోయే వరకు కొంతసేపు నడిపి, ఆ తరువాతే సీసా పెట్టాలి. చివరలో సీసాను పైకో కిందికో జరిపి లోపలి నీటి మట్టం, తొట్టిలోని నీటి మట్టం ఒక్కటిగా చేసి చదివితే పీడనంలో తేడా ఉండదు. ఇదంతా ఆరుబయట జరగాలి. సీసాలో ఉన్నది హైడ్రోజన్, ఆక్సిజన్ పేలడానికి సరిగ్గా సరిపోయే పాళ్లలో కలిసి ఉన్న మిశ్రమం, దాన్ని అంటించడానికి 0.02 మిల్లీజూళ్ల నిప్పురవ్వ చాలు, అంటే ఒంటి మీది నైలాన్ చొక్కా చిటపటకు ఉండే శక్తి కన్నా చాలా తక్కువ. గాజు సీసా వాడకూడదు, కొలవడం కాగానే గ్యాసును గాలిలోకి వదిలేయాలి, ఏ డబ్బాలోనూ నిలువ చేయకూడదు. బబ్లర్ లేకుండా ఈ గ్యాసును ఎక్కడికీ పంపకూడదు. వెనక్కి వచ్చే మంట ఆ నీళ్ల దగ్గరే ఆరిపోవాలి.

ఇప్పుడు అంకెలు చదవడం. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది, ఇక్కడి వాతావరణ పీడనం సుమారు 95.5 కిలోపాస్కల్‌లు. ఎండాకాలంలో తొట్టి నీళ్లు 35 డిగ్రీల దగ్గర ఉంటే, సీసాలో చేరిన దానిలో 5.6 కిలోపాస్కల్‌ల మేర నీటి ఆవిరే ఉంటుంది. ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకుంటే, ఫారడే నియమం ప్రకారం వచ్చే 10.45 మిల్లీలీటర్లు మన దగ్గర 13.3 మిల్లీలీటర్లుగా కనిపిస్తాయి. ఒక్క అణువు కూడా అదనంగా పుట్టకుండానే సెల్ 27 శాతం మెరుగైనట్టు తోస్తుందన్న మాట. చలికాలం ఉదయం 22 డిగ్రీల నీళ్లతో కొలిస్తే అదే సెల్, అదే కరెంటు 12.3 చూపిస్తాయి. ఎవరైనా జనవరిలో పాత పలకలతో కొలిచి, మే నెలలో కొత్త పలకలతో కొలిచి, కొత్త డిజైను గొప్పదని ప్రకటిస్తే, ఆ గొప్పతనంలో కొంత సూర్యుడిదే.

దీన్ని మా మిత్రుడి సెల్ లాంటి ఆరు సెల్లకు వర్తింపజేద్దాం. 10 ఆంపియర్లు, ఆరు సెల్లు, ఎండాకాలం: 13.3ను 60తో హెచ్చిస్తే నిమిషానికి 798 మిల్లీలీటర్లు. లీటరు సీసా 75 సెకన్లలో నిండాలి. 86 సెకన్లు పడితే సెల్ 87 శాతం పనిచేస్తున్నదని, మిగిలినది అడ్డదారి కరెంటులో పోతున్నదని అర్థం. 60 సెకన్లలోనే నిండితే సంతోషించకూడదు, వెంటనే మీటరును అనుమానించాలి. చవక క్లాంప్ మీటర్లలో చాలా వరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, డీసీ కొలిచేవి వేరు. పీడబ్ల్యూఎం ఆపి ఆపి ఇచ్చే కరెంటును కొన్ని మీటర్లు సరిగా చదవలేవు. గ్యాసును నిర్ణయించేది సగటు కరెంటు, పలకలను వేడి చేసేది వర్గాల సగటుకు వర్గమూలమైన ఆర్‌ఎంఎస్ కరెంటు. ఈ రెండూ స్థిరమైన డీసీలో ఒకటే కానీ, పల్సుల్లో రెండవది ఎప్పుడూ పెద్దది. అందువల్ల కొలతల కోసం కంట్రోలరును పక్కన పెట్టి, నిండుగా ఛార్జయిన బ్యాటరీతో, సిరీస్‌లో ఒక షంటు (విలువ తెలిసిన చిన్న నిరోధం) పెట్టి కొలవడం నమ్మకమైన దారి. బల్ల మీద బ్యాటరీ ఓల్టేజి 12 దగ్గరికి జారుతుందని, బండిలో 14 దాకా ఉంటుందని మరువకుండా, ప్రతి రీడింగుతో పాటు ఓల్టులు కూడా రాసుకోవాలి. లోపల బంతి తేలే ఫ్లో మీటర్లకు గీతలు గాలిని బట్టి వేస్తారు. ఈ మిశ్రమం సాంద్రత గాలి సాంద్రతలో 41 శాతమే కాబట్టి ఆ అంకె చెల్లదు.

వాట్లకు ఎన్ని మిల్లీలీటర్లు అన్నది ఇంకో కొలత. 25 డిగ్రీల వద్ద పొడి గ్యాసుకు సర్దిన తరువాత, వాటుకు నిమిషానికి 7.7 మిల్లీలీటర్లు వస్తే సెల్ 1.48 ఓల్టుల వద్ద నూటికి నూరు పాళ్లు పని చేస్తున్నట్టు. 2.3 ఓల్టుల వద్ద, ఏ నష్టమూ లేదనుకున్నా, 5కు మించి రాదు. ఇంటి సెల్ 10 ఇస్తున్నదని ఎవరైనా అంటే, ఆయన ఆవిరిని కొలిచాడని అనుకోవడం ఆయనకు ఇచ్చే మర్యాద.

ఇంత కొలిచిన తరువాత, ఈ గ్యాసు బండికి ఏం చేస్తుందో చూడాలి. నిమిషానికి ఒక లీటరు గ్యాసు కావాలంటే ఆరు సెల్లకు సుమారు 15 ఆంపియర్లు, అంటే సుమారు 200 వాట్లు ఇవ్వాలి. ఆ లీటరులో ఉండే హైడ్రోజన్ 0.67 లీటర్లు; అది మండితే వచ్చే వేడి 110 వాట్లు. గంటకు నాలుగు లీటర్ల పెట్రోలు తాగుతూ పోయే కారులో ఇంధనపు శక్తి సుమారు 35,500 వాట్లు. మన వంతు 0.3 శాతం. 1,500 సీసీ ఇంజను 2,000 ఆర్‌పీఎం వద్ద నిమిషానికి 1,500 లీటర్ల దాకా గాలి పీల్చుకోగలదు, అందులో మన గ్యాసు ఒక్క లీటరు.

ఆ 200 వాట్లు ఎక్కడి నుంచి వస్తాయన్నది అసలు ప్రశ్న. మన మెకానిక్‌లు డైనమో అని పిలిచే ఆల్టర్నేటరు తనకందిన యాంత్రిక శక్తిలో 55 నుంచి 60 శాతాన్ని మాత్రమే కరెంటుగా మారుస్తుంది కాబట్టి, బెల్టు మీద 350 వాట్ల బరువు పడుతుంది. పెట్రోలు ఇంజను ఇంధనపు శక్తిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా, మంచి పరిస్థితిలో ఇంకొంచెం ఎక్కువ, ఇరుసుకు అందిస్తుంది కాబట్టి, ఆ బరువు మోయడానికి గంటకు 100 నుంచి 150 మిల్లీలీటర్ల పెట్రోలు అదనంగా కాలాలి. దానికి బదులుగా గ్యాసు రూపంలో తిరిగి వచ్చేది 12 మిల్లీలీటర్ల పెట్రోలుకు సమానమైన శక్తి. బావిలోంచి తోడిన నీళ్లను దారి పొడవునా ఒలకబోసుకుంటూ తెచ్చి అదే బావిలో పోసినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. 100, 150 సీసీ మోటారు సైకిళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. హెడ్‌లైటు, ఇగ్నిషన్, బ్యాటరీ ఛార్జింగ్ పోను వాటి కాయిల్ దగ్గర 200 వాట్లు మిగలవు.

హైడ్రోజన్ మంటను వేగంగా వ్యాపింపజేసి పెట్రోలును పూర్తిగా కాల్చుతుందనే వాదనలో కొంత సత్యం లేకపోలేదు. గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ ఉన్న పలుచని మిశ్రమం సరిగా అంటుకోనప్పుడు హైడ్రోజన్ సాయపడుతుంది. అయితే అందుకు ఇంధనపు శక్తిలో కొన్ని శాతాల మేర హైడ్రోజన్ కావాలి, 0.3 శాతం కాదు. పైగా ఈ కాలపు ఇంజన్లలో పెట్రోలు కాలక మిగిలిపోవడం ఒకటి రెండు శాతానికి మించదు కాబట్టి, పూర్తిగా కాల్చడం వల్ల 30 శాతం మైలేజీ పెరగడానికి అక్కడ అంత సరుకే లేదు. నీళ్లనే ఇంధనంగా చెప్పిన అమెరికన్ స్టాన్లీ మేయర్ కారు గురించి మిత్రుడు అడిగాడు. డబ్బు పెట్టినవారు దావా వేయగా, నిపుణులు ఆయన సెల్‌ను పరీక్షించి అది మామూలు విద్యుద్విశ్లేషణే అని తేల్చారు, 1996లో ఒహాయో కోర్టు దాన్ని మోసంగా నిర్ణయించి సొమ్ము తిరిగి ఇవ్వమన్నది.

అయినా కిట్ పెట్టుకున్నవారిలో కొందరు మైలేజీ పెరిగిందని నిజాయితీగానే చెప్తారు. కిట్ పెట్టే రోజున టైర్లలో గాలి నింపుతారు, ఎయిర్ ఫిల్టరు మార్చుతారు, కొన్ని కిట్లలో ఆక్సిజన్ సెన్సరు సంకేతాన్ని మార్చి పెట్రోలు తగ్గించే చిన్న పెట్టె కూడా ఉంటుంది, అన్నిటికీ మించి పరీక్షించాలనుకున్న మనిషి మెల్లగా నడుపుతాడు. సరిగా తేల్చాలంటే జడ్చర్ల దాకా పోయి వచ్చే ఒకే దారిని, ఒకే బరువుతో, ఒకే వేళకు, ఒకే బంకులో ట్యాంకు నిండా పోయించుకుని పలుమార్లు నడపాలి. సెల్ ఫ్యూజును ఏ రోజు తీశారో, ఏ రోజు పెట్టారో నడిపే మనిషికి తెలియకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు కాబట్టి, ఈ పరీక్ష రోడ్డు మీద చేయడానికి కూడా చట్టం అడ్డు వస్తుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు సంగతి వేరే చెప్పాలా.

హైడ్రోజన్ బండి అనే ఆలోచనే తప్పని నేను అనడం లేదు. టయోటా మిరాయి లాంటి కారు 700 బార్ పీడనంలో సుమారు ఐదున్నర కిలోల హైడ్రోజన్‌ను నిలువ చేసుకుని, దాని నుంచి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌తో మోటారు నడుపుతుంది. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ లక్ష్యం 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు. అక్కడ విద్యుత్తు ఎండ నుంచో గాలి నుంచో వస్తుంది, బండి ఇంజను నుంచి కాదు. కొలత తెలియాలంటే, ఒక్క కిలో హైడ్రోజన్ 25 డిగ్రీల వద్ద సుమారు 12,100 లీటర్లు. నిమిషానికి లీటరు గ్యాసు ఇచ్చే మన సెల్ దాన్ని పుట్టించడానికి 12 రోజులకు పైగా రాత్రింబవళ్లు నడవాలి.

మిత్రుడు సెల్‌ను బండికి బిగించలేదు, పారవేయనూ లేదు. ఈ గ్యాసుతో సన్నని, చాలా వేడి మంట వస్తుంది కాబట్టి కంసాలి పనిలో, యాక్రిలిక్ పలకల అంచులు నునుపు చేయడంలో ఇలాంటి యంత్రాలు వాడుతారు. అక్కడ గ్యాసు కావలసింది మంట కోసం, మైలేజీ కోసం కాదు, కరెంటు ఖర్చు పనికి తగ్గ ఖర్చే. ఆయన షెడ్డు పక్కనే నేమ్‌బోర్డులు చేసే దుకాణం ఉన్నది. రెండు బబ్లర్లు వరుసగా పెట్టి, సూది మూతి లాంటి నాజిల్‌తో, కరెంటు 12 ఆంపియర్ల దగ్గర ఆగేటట్టు అమర్చి ఇస్తే వాళ్లకు పనికొస్తుందా అని ఇప్పుడు చూస్తున్నాము.